తడి చెత్త ఇంటిల్లిపాదిదీ!

కంపోస్టు మీద తెలుగులో ఏ వీడియో పెట్టినా, ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా మొదటి మాట ఒకటే: "గృహిణులకు చక్కని చిట్కా". ఆ పక్కనే నవ్వుతున్న ఒకావిడ, ఆవిడ చేతిలో గిన్నెడు కూరగాయ తొక్కలు, ముందు ఒక పూలకుండీ. కందిపప్పుకు పురుగు పట్టకుండా ఏం చేయాలి, వెండి కుందులు ఎలా తోమాలి అనే చిట్కాల వరసలోనే ఇదీ. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. ఐదుగురు తిన్న ఇంట్లో మిగిలిన చెత్త ఒక్క మనిషి చిట్కా ఎలా అయిందండీ?

అలాగని నేను కంపోస్టుకు వ్యతిరేకిని కాను. నాలుగేళ్లుగా మా ఇంటి తడి చెత్త గేటు దాటలేదు. చేయగలమని తెలుసు కాబట్టే గట్టిగా చెబుతున్నాను. తడి చెత్త గేటు దాటకూడదు. ఆ పని ఆడవాళ్ల నెత్తిన ఇంకో చాకిరీ కాకూడదు. ఈ రెండు మాటలూ కలిపే అనాలి. మొదటిది మాత్రమే అంటే నాలుగు నెలల్లో ఇల్లాలు అలసిపోయి కుండ బోర్లిస్తుంది. రెండోది మాత్రమే అంటే చెత్త బండి ఎక్కి పోతుంది, ఇంకో ఊరి ఆడవాళ్ల ముంగిట్లో దిగుతుంది.

అవును, ఇంకో ఊరి ఆడవాళ్ల ముంగిట్లోనే. మేడ్చల్, శామీర్‌పేట వైపు మనం ఇళ్లు కొనుక్కున్నది ఎందుకు? బ్రోచర్లో పచ్చదనం చూసి. చెరువు దగ్గర, జింకల పార్కు దగ్గర, స్వచ్ఛమైన గాలి అన్నారని. జవహర్‌నగర్ కూడా మన జిల్లాలోదే. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడక ముందు అది రంగారెడ్డి జిల్లా శామీర్‌పేట మండలంలోనే ఉండేది. హైదరాబాద్ నగరం చెత్త చేరేది అక్కడికే. సుమారు 350 ఎకరాల డంపింగ్ యార్డు, రోజుకు ఆరేడు వేల టన్నులు. గాలి ఇటు తిరిగితే దమ్మాయిగూడకు, అటు తిరిగితే నాగారానికి కంపు. యార్డు నుంచి కారిన నల్ల ఊటతో మల్కారం చెరువు ఏమైందో పేపర్లలో మనందరం చదివాం. మీ కాలనీ బండి నేరుగా యార్డుకే వెళ్తుందో, ముందు ఇంకెక్కడైనా దించుతుందో రేపు పొద్దున బండి నడిపే అన్నను అడిగి తెలుసుకోండి. ఎక్కడ దించినా, అది ఎవరో ఒకరి ఇంటి పక్కనే.

"ఇప్పుడు అక్కడ అంతా బాగుచేశారట కదా" అంటారు మా కాలనీలో. చేసింది లేదని నేను అనను. పాత గుట్టను షీట్లతో, మట్టితో కప్పి పైన గడ్డి పెంచారు. 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. ఊట నీళ్లను శుద్ధి చేసే ఏర్పాట్లు జరిగాయి. అయినా చుట్టుపక్కలవాళ్ల గోడు ఆగలేదు. ఆగదు కూడా. ఎందుకంటే కంపుకు మూలం మనం కలిపి పంపే తడి చెత్త. గాజు సీసా కంపు కొట్టదు, అట్టపెట్టె కంపు కొట్టదు. రాత్రి మిగిలిన సాంబారన్నం కొడుతుంది. గాలి ఆడని గుట్ట కింద అది కుళ్లితే మీథేన్ పుడుతుంది, నల్ల ఊట కారుతుంది. ఆ ఊట దారిలో పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు తగిలితే వాటి విషాన్నీ కలుపుకుని కిందికి దిగుతుంది.

పోనీ, కాల్చి కరెంటు తీస్తారు కదా అంటారా? పచ్చి కట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా! పుచ్చకాయ చెక్కలు, గంజి కారే అన్నం నిప్పుకు పనికొచ్చే సరుకు కాదు. ముందు ఆరబెట్టాలి, ఏరాలి, జల్లించాలి. తడి కలవని పొడి చెత్త అయితే అమ్ముకునే వాళ్లకు అమ్ముడుపోతుంది, కాల్చేది బాగా కాలుతుంది. రెండూ కలిపామంటే రెండిటినీ చెడగొట్టినట్టే.

ఇంకో మాట, ఇది మనం మనం అనుకోవాల్సిన మాట. చెత్త ఆటో చాలాచోట్ల ఒక సంసారం. భర్త బండి నడుపుతాడు, భార్య వెనకాల కూర్చుని మన సంచులు విప్పి ఏరుతుంది. పాల కవర్లు ఒక గోనెలోకి, సీసాలు ఒక గోనెలోకి. ఆ సంచిలో మన పాచి కూర, దానికి అంటుకుని పిల్లాడి డైపరు, కాగితం కూడా చుట్టని ప్యాడు. మన ఇంట్లో ఏ మగవాడి కంటా పడకూడదని నల్ల కవర్లో దాచి తెచ్చుకున్న వస్తువును, ఇంకో ఆడమనిషి ఒట్టి చేతుల్తో, కూర రసంలోంచి వేరు చేస్తోంది. తడి చెత్త ఇంట్లోనే ఆగిపోతే ఆమె చేతికి వెళ్లేది పొడి సంచి ఒకటి, కాగితంలో చుట్టి గుర్తు పెట్టిన చిన్న పొట్లం ఒకటి. చెట్లకు ఎరువు వస్తుందా రాదా అన్నది తర్వాత సంగతి. నాకైతే ఈ ఒక్క కారణం చాలు.

ఇక మన కాలనీల వింత చూడండి. వంటింటి తడి చెత్తను డబ్బిచ్చి బయటికి పంపుతాం. ఫిబ్రవరి, మార్చిలో కానుగ, వేప, రావి ఆకులు రాలితే ఊడ్చి, ప్రహరీ మూలకు చేర్చి అగ్గి పెడతాం. ఆ పొగకు పిల్లలు దగ్గుతారు. జూన్ రాగానే లాన్‌కు, కుండీలకు వర్మీకంపోస్టు బస్తాలు కొంటాం. తడి చెత్త, ఎండుటాకులు, ఎరువు. మొదటి రెండూ కలిస్తే మూడోది అవుతుంది. మొదటిది పారేయడానికి డబ్బు, రెండోది కాల్చడానికి ఒక మనిషి, మూడోది కొనడానికి మళ్లీ డబ్బు. దీనికి మనం పెట్టుకున్న పేరు మెయింటెనెన్స్!

ఈ నేల సంగతి మనకు తెలియనిది కాదు. ఇవి ఎర్ర చల్కలు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఉండేవని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తోటలకు బండ్లకొద్దీ పశువుల ఎరువు తోలేవారు. ఇవాళ అవే నేలల్లో పునాదులు తవ్విన మొరం మీద నాలుగంగుళాల మట్టి పోసి గార్డెన్ అంటున్నారు. మందార మొక్క మూడుసార్లు పెట్టినా బతకలేదని వాపోయే వదినలారా, తప్పు మీ చేతిది కాదు, ఆ మట్టికి తిండి లేదు. దాని తిండిని మనం రోజూ బండెక్కిస్తున్నాం.

ఇక్కడ వెంటనే వాట్సాప్ పెద్దమనుషులు బయల్దేరతారు. "మా నాయనమ్మ కాలంలో అసలు చెత్తే ఉండేది కాదు, ఇప్పటి ఆడవాళ్లకు ఓపిక లేదు" అని. సగం నిజం, సగం దబాయింపు. వాకిట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు అందులో పోస్తే బర్రె తాగేది. బర్రె పేడ, చిమ్మిన చెత్త పెంటకుప్పకు, ఎండాకాలంలో అది పొలానికి. గొప్ప ఏర్పాటే. కానీ పొద్దున్నే లేచి పేడ ఎత్తింది ఎవరు? తట్ట నెత్తిన పెట్టుకుని పెంటకుప్ప దాకా మోసింది ఎవరు? నాయనమ్మే. తాతయ్య కాదు. ఎండాకాలం బండి కట్టినప్పుడు మాత్రం ఎరువు తాతయ్యదయ్యేది. ఆ ఏర్పాటు నాకు కావాలి, ఆ పంపకం నాకొద్దు. పైగా నాయనమ్మకు బర్రె ఉంది, పొలం ఉంది. మనకు ఉన్నది ఆరడుగుల బాల్కనీ, ఆరున్నరకు స్కూలు బస్సు.

అందుకే పని పంచండి. ఎలా పంచాలో చెప్పాలంటే ముందు పని ఎంతో తెలియాలి. మా ఇంట్లో ఐదుగురం. ఒక వారం తూచి చూశాం. రోజుకు దాదాపు కిలో తడి చెత్త, పండ్లు ఎక్కువగా కొన్న రోజు ఇంకాస్త. దీనికి కావాల్సినవి పక్కలకు బెజ్జాలు ఉన్న పెద్ద కుండలో, పాత బకెట్లో మూడు, ఒక గోనెడు ఎండుటాకులు, కలపడానికి ఒక కర్ర. కుండ అడుగున గుప్పెడు కొబ్బరి పీచు, దాని మీద ఎండుటాకులు. రోజూ తడి చెత్త ఎంత వేస్తే అంతకు తగ్గకుండా, వీలైతే దానికి రెట్టింపు, ఎండుటాకులు. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చిలకరిస్తే, లేదా పాత ఎరువు ఒక దోసెడు వేస్తే పని త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు కలపాలి. ఒక కుండ నిండాక మూత పెట్టి రెండోది మొదలుపెట్టాలి. మూడోది నిండేసరికి మొదటిది ఎరువై ఉంటుంది. మామూలుగా రెండు నెలలు, చలికాలంలో ఇంకాస్త. వాన పడ్డ మట్టి వాసన వస్తే అయినట్టు.

ఇందులో వంటగదికి చెందినది ఒక్కటే, తొక్కల్ని వేరే డబ్బాలో వేయడం. మిగతాదంతా వంటగది బయటి పని. మా ఇంట్లో కుండ కలపడం మా ఆయన పని, ఎండుటాకుల గోనె నింపడం అబ్బాయి పని, ఎరువు జల్లించడం ఆదివారం ఎవరు దొరికితే వాళ్ల పని. అరటిపండు ఎవరు తింటే తొక్క వాళ్లే డబ్బాలో వేస్తారు, మామగారితో సహా. మొదటి నెల "డబ్బా ఏదీ, మూత ఏదీ" అని నన్నే అడిగేవారు. "మీరే చూడండి" అన్నాను. దొరికింది.

సాకులు నాకు కొత్త కాదు. వరసగా వస్తాయి.

వాసన వస్తుందట. తడి ఎక్కువై, గాలి తగ్గితే వస్తుంది. గుప్పెడు తీసి పిడికిట్లో పిండండి. నీళ్లు కారితే ఎండుటాకులు ఇంకా వేసి కలపాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. వేళ్లకు తడి అంటి నీళ్లు కారకపోతే సరిపోయింది. ఇడ్లీపిండి పులిసిందో లేదో వాసన చూసి చెప్పగలిగే ఇంట్లో ఇదేం బ్రహ్మవిద్య కాదు.

పురుగులట. లావుగా, తెల్లగా కనిపించేవి ఒక జాతి ఈగ పిల్లలు. చెత్తను మనకంటే వేగంగా తిని తీరుస్తాయి, కుట్టవు, ఇంట్లోకి రావు. చూడలేకపోతే పైన మందంగా ఆకులు కప్పండి. చెత్త బుట్టలో మూడు రోజులు కట్టి ఉంచిన కవరులో పుట్టే పురుగుల కంటే ఇవి వెయ్యి రెట్లు నయం.

చికెన్, చేప ముళ్లు ఏం చేయాలట. బాల్కనీ కుండలో వేయకండి. పిల్లులు, ఎలుకలు వస్తాయి. నూనె తేలే కూరలూ వద్దు. అవి కాలనీ గుంతలో, లోతుగా, ఆకుల కింద వేయాలి. ఒక్క ముళ్లకు సమాధానం లేదని మిగతా చెత్త మొత్తాన్ని బండెక్కించడం ఎక్కడి న్యాయం?

ఇక అన్నిటికంటే పెద్ద సాకు: "డబ్బు కడుతున్నాం కదండీ." డబ్బు కడితే మన కంటికి కనపడకుండా పోతుంది, అంతే. మాయం కాదు. పైగా చట్టం కూడా ఆ మాట ఒప్పుకోదు. 2026లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంట్లోనే చెత్తను వేరు చేయమన్నాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలన్నాయి. అంటే ఒకటిన్నర ఎకరం కూడా నిండదు. మన వైపు వెంచర్లలో క్లబ్బుహౌస్, స్విమ్మింగ్ పూలు కలిపితేనే దానికి దగ్గరపడుతుంది.

మా కాలనీ మీటింగులో నేను ఈ సంగతి ఎత్తితే ఒక పెద్దాయన చిరునవ్వుతో అన్నారు: "మంచి ఆలోచనమ్మా, లేడీస్ చూసుకుంటే బాగుంటుంది." బోరు ఎండిపోతే లేడీస్ చూసుకోరు. సీసీ కెమెరాలు లేడీస్ చూసుకోరు. లిఫ్టు కాంట్రాక్టు లేడీస్‌కి ఇవ్వరు. చెత్త మాత్రం లేడీస్‌ది, పైగా బడ్జెట్ లేకుండా! ఒక ఏడాది బతుకమ్మ ముగ్గుల పోటీతో పాటు కంపోస్టు పోటీ పెట్టి, స్టీలు డబ్బా బహుమతి ఇచ్చి, ఫొటో దిగి ముగించే పని కాదిది. రెండు వందల ఇళ్లు, ఇంటికి రోజుకు కిలో అనుకున్నా రెండు వందల కిలోలు. ఏడాదికి 73 టన్నులు. దీనికి కావాల్సింది షెడ్డు, గుంతలు, జీతమిచ్చి పెట్టుకున్న ఇద్దరు మనుషులు, వాళ్ల చేతులకు గ్లౌజులు, లెక్క రాసే పుస్తకం. ఇది అసోసియేషన్ పని, సెక్రటరీ పని, ట్రెజరర్ పని.

బుట్టలు పంచినంత మాత్రాన ఏం జరుగుతుందో హైదరాబాద్‌లో చూశాం. 2015లో ఇంటింటికీ పచ్చది ఒకటి, నీలం ఒకటి అని జీహెచ్ఎంసీ లక్షల బుట్టలు ఇచ్చింది. చాలా ఇళ్లలో ఒకదాంట్లో బియ్యం చేరాయి, ఇంకోదాంట్లో విడిచిన బట్టలు. జనాన్ని తిట్టి లాభం లేదు. రెండు బుట్టల్లో వేరు చేసి ఇచ్చిన చెత్తను కళ్లముందే ఒకే బండిలో కలిపేస్తే ఎవరు మాత్రం రేపు వేరు చేస్తారు?

చేసినచోట అయింది మరి. 2003 ప్రాంతంలోనే మన సూర్యాపేట మునిసిపాలిటీ ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా తీసుకుని, తడి చెత్తతో వర్మీకంపోస్టు చేసి దేశమంతా వచ్చి చూసేలా చేసింది. కేరళలో అలప్పుళ కథ మనకు ఇంకా దగ్గర. ఆ పట్టణం చెత్త అంతా సర్వోదయపురం అనే పల్లెకు పోయేది. ఆ పల్లె జనం ఇక చాలని లారీలకు అడ్డం నిలబడ్డారు. చెత్త వీధుల్లోనే నిలిచిపోయాక పట్టణానికి తెలివి వచ్చింది. 2012 నుంచి ఇళ్లలో పైపు కంపోస్టు, చిన్న గ్యాస్ ప్లాంట్లు, వీధికొక కంపోస్టు కేంద్రం పెట్టుకున్నారు. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ పట్టణాన్ని మెచ్చుకుంది. అంత దూరం ఎందుకు, మేడ్చల్ నుంచి సిటీకి వెళ్లే దారిలోనే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ఉంది. ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతితో అక్కడి కూరగాయల చెత్త నుంచి గ్యాస్ తీసి, రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు చేస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా వచ్చింది. ఒక మార్కెట్ చేసుకోగలిగినది ఒక కాలనీ చేసుకోలేదా?

అలప్పుళలో పల్లె అడ్డం తిరిగాక పట్టణం కదిలింది. జవహర్‌నగర్ వాళ్లు లారీలకు అడ్డం పడుకునే దాకా ఆగుదామా?

ఆగొద్దనే నా మాట. ఇంట్లో ఈ ఆదివారం కుండలు తెప్పించండి, కానీ కర్ర మీ చేతిలోకి తీసుకోకండి. ఎవరి చేతికి ఇవ్వాలో మీకు తెలుసు. "నాకు రాదు" అంటే నేర్పండి, "టైం లేదు" అంటే ఫోన్ చూసే టైంలో ఐదు నిమిషాలు అడగండి. కాలనీ మీటింగుకు మీరు వెళ్లండి. టీ, బిస్కెట్లు సర్దడానికి కాదు, ముందు వరసలో కూర్చోవడానికి. మూడు ప్రశ్నలు అడగండి. మన చెత్త ఎక్కడ దించుతున్నారు? ఎండుటాకులు ఎందుకు కాలుస్తున్నారు? చట్టం చెప్పిన కంపోస్టు షెడ్డుకు ఈ ఏడు బడ్జెట్లో ఎంత రాశారు? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. "లేడీస్ చూసుకుంటారు" అని ఎవరైనా అంటే, ఆ మాట కూడా వారి పేరుతో సహా రాయించండి.